మాజీ సైనికునికి డిగ్రీ: ఉద్యోగానికి చెల్లే సర్వీసు చదువుకు చెల్లడం లేదు

దుర్గ్: పదిహేనేళ్ళు సైన్యంలో పనిచేసిన మెట్రిక్యులేట్‌ను కొన్ని ఉద్యోగ నియామకాలలో కేంద్ర ప్రభుత్వం పట్టభద్రునితో సమానంగా పరిగణిస్తున్నది. అదే వ్యక్తి ఎం.ఏ.లో చేరేందుకు విశ్వవిద్యాలయానికి వెళ్తే ఆ సమానత అక్కరకు రావడం లేదు. ఒకే సర్వీసుకు రెండు చోట్ల రెండు విలువలు ఉన్న ఈ పరిస్థితి సుమారు నాలుగు దశాబ్దాలుగా కొనసాగుతున్నది. దీనిని సరిదిద్దేందుకు పూనుకున్న కొద్దిపాటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో విశాఖపట్నంలోని ఆంధ్రా విశ్వవిద్యాలయం ఒకటి కావడం విశేషం.

దేశంలో ఏటా సుమారు 60 వేల మంది సైనికులు సర్వీసు ముగించుకొని ఇంటిదారి పడుతున్నారు. వారిలో అత్యధికులు 35 నుండి 45 సంవత్సరాల మధ్య వయస్కులే. సైన్యం ఎప్పుడూ యువకులతో నిండి ఉండాలన్న విధానం మేరకు సిపాయిలు, నాయక్‌లు, హవల్దార్లు ఇతర ప్రభుత్వోద్యోగులకన్న సుమారు రెండు దశాబ్దాలు ముందుగానే విరమణ చేయవలసి వస్తున్నది. పిల్లలు ఉన్నత పాఠశాలలో ఉన్న దశలో, ఇంటి ఖర్చులు పెరిగే దశలో సైనికుని జీతం పింఛనుగా మారుతున్నది. కాబట్టి అతనికి రెండవ ఉద్యోగం తప్పనిసరి అవుతున్నది. ఆ ఉద్యోగానికి డిగ్రీ అడ్డుపుల్ల అవుతున్నది.

ఉక్కు నగరమైన భిలాయి ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఈ సమస్యకు రెండు ముఖాలూ కనిపిస్తాయి. ఒకప్పుడు చదువుతో పెద్దగా నిమిత్తం లేకుండా వేలాది మందికి పని కల్పించిన పారిశ్రామిక ప్రాంతమిది. నేడు ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం, ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం, ఒక ఐ.ఐ.టి. ఉన్న విద్యా కేంద్రం కూడ ఇదే.

ఉక్కు నగరంలో మారిన లెక్క

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం మేరకు భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకున్నది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నిర్మాణ దశ మొదలుకొని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పెద్ద సంఖ్యలో తెలుగు కుటుంబాలు ఇక్కడకు తరలివచ్చి స్థిరపడ్డాయి. భిలాయి సెక్టార్లలో తెలుగు నేటికీ వినిపించే భాషే. కర్మాగారంలో పనిచేసిన వారి పిల్లలలో కొందరు ఇంజనీర్లయ్యారు, కొందరు వ్యాపారాలలో స్థిరపడ్డారు, మరికొందరు సైన్యంలో చేరారు.

విరమణ అనంతరం ఉద్యోగం విషయంలో మాజీ సైనికులకు చట్టబద్ధమైన రక్షణ లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ శాఖలలో గ్రూప్ సి ఉద్యోగాలలో 10 శాతం, గ్రూప్ డి ఉద్యోగాలలో 20 శాతం వారికి కేటాయించారు. ప్రభుత్వరంగ సంస్థలలో ఈ కేటాయింపు గ్రూప్ సిలో 14.5 శాతం, గ్రూప్ డిలో 24.5 శాతం. యుద్ధంలో మరణించిన సైనికుల ఆశ్రితులకు, అంగవైకల్యం పొందిన మాజీ సైనికులకు ఉద్దేశించిన 4.5 శాతం ఇందులోనే కలిసి ఉన్నది. భారత ఉక్కు ప్రాధికార సంస్థ ఆధ్వర్యంలోని భిలాయి కర్మాగారం కూడ ప్రభుత్వరంగ సంస్థే.

అయితే గత మూడు దశాబ్దాలలో యంత్రాల ఆధునికీకరణ, కాంట్రాక్టు పనుల విస్తరణ వల్ల భిలాయిలో శాశ్వత ఉద్యోగుల సంఖ్య బాగా తగ్గిపోయింది. మాజీ సైనికుల కోటా శాతం తగ్గలేదు, ఆ శాతాన్ని లెక్కగట్టే ఖాళీలు తగ్గాయి. దేశంలోని ఇతర పాత పారిశ్రామిక పట్టణాలలోనూ ఇదే ధోరణి. ఫలితంగా మాజీ సైనికులలో ఎక్కువ మందికి దొరుకుతున్నది భద్రతా సిబ్బంది ఉద్యోగమే. బ్యాంకు ద్వారం వద్దనో, గిడ్డంగి ద్వారం వద్దనో కాపలా ఉంటున్న వారిలో ఒకనాడు సరిహద్దులలో వైర్‌లెస్ సెట్లు నడిపినవారు, వాహనాల వర్క్‌షాపులు నిర్వహించినవారు, వందలాది మందికి సరిపడా సరకుల లెక్కలు చూసినవారు ఉన్నారు. వారికి పని వచ్చు. ఆ పని వచ్చునని ధ్రువీకరించే విశ్వవిద్యాలయ పట్టా లేదు.

1986 నాటి ఉత్తర్వు

ఈ లోటును పూరించేందుకు కేంద్ర ప్రభుత్వ సిబ్బంది, శిక్షణ విభాగం 1986 ఫిబ్రవరి 12న ఒక ఉత్తర్వు జారీ చేసింది. మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులై, 15 సంవత్సరాలకు తగ్గకుండా సైనిక సర్వీసు పూర్తి చేసినవారిని, డిగ్రీ కనీస అర్హతగా ఉన్న గ్రూప్ సి రిజర్వుడు పోస్టులకు అర్హులుగా పరిగణించవచ్చునని ఆ ఉత్తర్వు సారాంశం. సైన్యం నిర్వహించే ప్రత్యేక విద్యా పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి, నౌకాదళం, వాయుసేనలలో దానికి సమానమైన సర్టిఫికెట్లు పొందినవారికి కూడ ఇది వర్తిస్తుంది.

దీనివల్ల మేలు జరిగిన మాట నిజం. పదవ తరగతి చదివి సైన్యంలో చేరిన యువకుడు పదిహేనేళ్ళ తరువాత గుమస్తా ఉద్యోగ పరీక్షకు పట్టభద్రుని సరసన కూర్చోగలుగుతున్నాడు. వయస్సు విషయంలోనూ వెసులుబాటు ఉన్నది. అసలు వయస్సు నుండి సైనిక సర్వీసు కాలాన్ని తీసివేయగా మిగిలిన వయస్సు నిర్ణీత పరిమితిని మూడేళ్ళకు మించి దాటకుండా ఉంటే చాలు. నలభై ఏళ్ళ వయస్సులో, పదిహేడేళ్ళ సర్వీసుతో దరఖాస్తు చేసే మాజీ హవల్దారును నియమాలు ఇరవై మూడేళ్ళ అభ్యర్థిగానే లెక్కిస్తాయి.

కాగా ఈ ఉత్తర్వుకు ఉన్న హద్దులే అసలు చిక్కు. ఇది గ్రూప్ సి పోస్టులకే పరిమితం. అందులోనూ సాంకేతిక లేదా వృత్తిపరమైన అనుభవం తప్పనిసరి కాని పోస్టులకే ప్రధానంగా వర్తిస్తుంది. ఉపాధ్యాయ ఉద్యోగానికి డిగ్రీతో పాటు బి.ఎడ్. అడుగుతారు. బి.ఎడ్.లో చేరాలంటే విశ్వవిద్యాలయం ఇచ్చిన డిగ్రీ కావాలి. న్యాయశాస్త్రంలో మూడేళ్ళ కోర్సుకూ, ఎం.బి.ఏ.కూ అంతే. 1986 ఉత్తర్వు నియామకాలకు సంబంధించినదే తప్ప విశ్వవిద్యాలయ ప్రవేశాలను శాసించేది కాదు. కాబట్టి ఉద్యోగంలో చేరిన తరువాత పైపదవికి డిగ్రీ లేదా స్నాతకోత్తర విద్య కావలసి వచ్చిన మాజీ సైనికుడు మళ్ళీ మొదటి మెట్టు నుండి ఎక్కవలసి వస్తున్నది.

ఆ మొదటి మెట్టు చాలా మందికి ఇంటర్మీడియట్. సాధారణ విధుల సిపాయిగా చేరడానికి పదవ తరగతి చాలు. డిగ్రీలో ప్రవేశానికి పన్నెండవ తరగతి కావాలి. 36వ ఏట సర్వీసు ముగించిన వ్యక్తి ముందు సార్వత్రిక పాఠశాల ద్వారా పన్నెండవ తరగతి, ఆ పైన మూడేళ్ళ డిగ్రీ పూర్తి చేసేసరికి నలభై దాటుతాడు. ఆ కాలమంతా కుటుంబ పోషణ ఆగదు.

పిల్లలకు ఉంది, తండ్రికి లేదు

సైనిక కుటుంబాలకు విద్యా రంగంలో రాయితీలు లేవని చెప్పలేం. అవి ఎవరికి అందుతున్నాయన్నదే గమనించవలసిన విషయం. 2006లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఉపకార వేతనాల పథకం మాజీ సైనికుల పిల్లలకు, సైనికుల వితంతువులకు ఉద్దేశించినది. వృత్తి విద్యా కోర్సులు చదివే వారికి దీనిని వర్తింపజేస్తున్నారు. 2019లో చేసిన పెంపుదల మేరకు బాలికలకు నెలకు రూ. 3,000, బాలురకు రూ. 2,500 చొప్పున చెల్లించాలని నిర్ణయించారు.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సైనికుల పిల్లలు, వితంతువుల విభాగానికి 5 శాతం సీట్లు ఉన్నాయి. ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఇంజనీరింగు ప్రవేశాలకు సాయుధ దళాల సిబ్బంది పిల్లల కోటా 2 శాతం అమలులో ఉన్నది. యుద్ధంలో మరణించినవారి పిల్లలకు మొదటి ప్రాధాన్యం, అంగవైకల్యం పొందినవారి పిల్లలకు తరువాతి ప్రాధాన్యం, శౌర్య పురస్కారాలు పొందినవారి పిల్లలకు ఆ తరువాతి ప్రాధాన్యం అన్న వరుసక్రమం కూడ ఉన్నది.

ఇవన్నీ న్యాయమైన ఏర్పాట్లే. వీటిలో సైనికుడు మాత్రం తండ్రిగానే కనిపిస్తాడు. విద్యార్థిగా అతనికి చోటు చాలా స్వల్పం. సైనికుడు చదువుకోవలసిన వయస్సు దాటిపోయిందని, ఇక చదువు అతని పిల్లలదేనని విధాన రూపకర్తలు భావించినట్లు ఈ నిబంధనలు చదివిన వారికి అనిపించక మానదు. 35 ఏళ్ళకే విరమణ చేసే వ్యవస్థలో ఈ భావన ఎంతవరకు సమంజసమన్నది ప్రశ్న.

రక్షణ శాఖ పరిధిలోని పునరావాస డైరెక్టరేట్ జనరల్ ఈ లోటును కొంత తీరుస్తున్నది. విరమణకు ముందు అధికారులను ఐ.ఐ.ఎం. వంటి ప్రముఖ సంస్థలలో యాజమాన్య కోర్సులకు పంపుతున్నారు. జవాన్లకు కంప్యూటర్లు, భద్రతా నిర్వహణ, వాహన మరమ్మతు తదితర అంశాలలో స్వల్పకాలిక శిక్షణ ఇప్పిస్తున్నారు. ఇవి ఉపాధికి పనికివచ్చే సర్టిఫికెట్లు. డిగ్రీలు కావు.

విశాఖ చూపిన దారి

దుర్గ్ నుండి విశాఖపట్నానికి 2024 సెప్టెంబరు 16న వందే భారత్ రైలు ప్రారంభమైంది. రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా సాగే ఈ మార్గం భిలాయి తెలుగువారికి చిరకాలంగా పుట్టింటి దారి. మాజీ సైనికుల ఉన్నత విద్య విషయంలో దేశం గమనించదగిన ప్రయత్నం ఒకటి ఈ దారి చివరనే జరిగింది.

1926లో స్థాపితమైన ఆంధ్రా విశ్వవిద్యాలయం ఉన్న విశాఖపట్నమే తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం కూడ. విశ్వవిద్యాలయం తన దూరవిద్యా విభాగం ద్వారా నౌకాదళం, వాయుసేన సిబ్బందికి మానవ వనరుల నిర్వహణలో బి.ఏ. పట్టా అందించేందుకు ఒప్పందాలు చేసుకున్నది. తరువాత కేంద్రీయ సైనిక బోర్డు మాధ్యమంగా ఈ అవకాశాన్ని విరమణ చేసినవారికి కూడ విస్తరించారు. సైన్యంలో పొందిన శిక్షణను, సుదీర్ఘ సర్వీసును చదువులో భాగంగా గుర్తించడం ఈ ఏర్పాటులోని ముఖ్యాంశం.

పలు ఉద్యోగాలు చూసిన హవల్దారుకు మానవ వనరుల నిర్వహణ కొత్త విషయం కాదు. పది మంది జవాన్ల సెక్షన్‌ను నడపడం, సెలవుల జాబితా సర్దడం, తగవులు తీర్చడం, కొత్తవారికి శిక్షణ ఇవ్వడం అతని నిత్యకృత్యం. ఆ అనుభవాన్ని పాఠ్యాంశంగా గుర్తించడం ద్వారా విశ్వవిద్యాలయం అతనిని సున్నా నుండి ప్రారంభించమనకుండా మధ్యలో నుండి అందుకుంటున్నది. పైగా ఇది విశ్వవిద్యాలయం ప్రదానం చేసే పట్టా. 1986 ఉత్తర్వు క్రింద లభించే సమానత వంటిది కాదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉన్నది. పట్టా ఒకే విషయంలో ఇస్తున్నారు. రాడార్లు బాగుచేసిన సాంకేతిక నిపుణుడైనా, సైనిక ఆసుపత్రిలో పనిచేసిన నర్సింగ్ సహాయకుడైనా, వాహన చోదకుడైనా మానవ వనరుల పట్టాయే తీసుకోవాలి. అయినప్పటికీ సర్వీసును చదువుగా లెక్కించవచ్చునని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆచరణలో చూపడం చిన్న విషయం కాదు.

ఇగ్నో ప్రయోగాలు

ఇదే దిశలో జాతీయస్థాయి ప్రయత్నం ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం చేపట్టింది. 1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన ఈ సంస్థ 2009లో సైన్యంతో 'జ్ఞానదీప్' పథకానికి ఒప్పందం కుదుర్చుకున్నది. వాయుసేనకు 'ఆకాశదీప్', నౌకాదళానికి 'సాగర్‌దీప్' పేరిట ఇటువంటి పథకాలే రూపొందాయి. సైనిక శిక్షణ కేంద్రాలను కమ్యూనిటీ కళాశాలలుగా నమోదు చేసి, అక్కడి శిక్షణకు క్రెడిట్లు ఇచ్చి, సర్టిఫికెట్, డిప్లొమా, అసోసియేట్ డిగ్రీ వరకు తీసుకువెళ్ళడం వీటి ఉద్దేశం. ఒక పాఠ్యాంశం కోసం విద్యార్థి వెచ్చించే గంటల శ్రమను కొలిచే ప్రమాణమే క్రెడిట్. అయితే ఇగ్నో కమ్యూనిటీ కళాశాలల పథకం తరువాతి సంవత్సరాలలో కొనసాగలేదు.

ఆ ఆలోచన 2022లో కొత్త రూపంలో తిరిగి వచ్చింది. అగ్నిపథ్ నియామక పథకాన్ని ప్రకటించిన మరునాడు, అంటే జూన్ 15న, కేంద్ర విద్యాశాఖ అగ్నివీరుల కోసం మూడేళ్ళ నైపుణ్య ఆధారిత డిగ్రీని ప్రకటించింది. దీనిలో సగం క్రెడిట్లు సర్వీసులో పొందిన శిక్షణకే లభిస్తాయి. మిగిలిన సగం భాషలు, ఆర్థికశాస్త్రం, చరిత్ర, రాజనీతిశాస్త్రం, ప్రభుత్వ పాలన, గణితం, వాణిజ్యం, పర్యాటకం, వ్యవసాయం వంటి విషయాల నుండి ఎంచుకున్న పాఠ్యాంశాల ద్వారా సంపాదించాలి. మొదటి ఏడాది కోర్సులతో ఆపివేస్తే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ లభిస్తాయి. డిగ్రీని ఇగ్నో ప్రదానం చేస్తుంది. పదవ తరగతితో చేరిన అగ్నివీరులు పన్నెండవ తరగతి పూర్తి చేసేందుకు జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ కూడ అదే నెలలో ప్రత్యేక ఏర్పాటును ప్రకటించింది.

పదిహేనేళ్ళు పనిచేసిన పాత తరం సిపాయి సర్వీసు ఉద్యోగానికి మాత్రమే డిగ్రీతో సమానం కాగా, నాలుగేళ్ళు పనిచేసే అగ్నివీరుని శిక్షణ నిజమైన డిగ్రీలో సగభాగంగా లెక్కకు రావడం గమనార్హం. కొత్తవారికి సాధ్యమైన లెక్క పాతవారికి ఎందుకు సాధ్యం కాదన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతున్నది.

దుర్గ్‌లో ఉన్న మార్గాలు

దుర్గ్ జిల్లాలో స్థిరపడిన మాజీ సైనికునికి ఉన్నత విద్యకు ప్రధానంగా మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది స్థానిక రాష్ట్ర విశ్వవిద్యాలయం. రాయపూర్‌లోని పండిత రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం పరిధి నుండి విడదీసి 2015లో దుర్గ్ విశ్వవిద్యాలయాన్ని ఏర్పాటు చేశారు. తరువాత దానికి ఈ ప్రాంతానికి చెందిన మాజీ మంత్రి హేమ్‌చంద్ యాదవ్ పేరు పెట్టారు. 1958లో ప్రారంభమైన దుర్గ్ ప్రభుత్వ విశ్వనాథ్ యాదవ్ తామస్కర్ స్వయంప్రతిపత్తి కళాశాల ఈ విశ్వవిద్యాలయం పరిధిలోనిదే. తరగతులకు రోజూ హాజరు కాకుండా స్వయంగా చదువుకొని పరీక్షలు రాసే స్వాధ్యాయి విధానం ఈ ప్రాంతంలో చాలా కాలంగా ఉన్నది. పగలు ఉద్యోగం చేసుకునే నలభై ఏళ్ళ విద్యార్థికి ఇది నిజంగా ఉపకరించే సదుపాయం. అయితే ఇందులో అతని సర్వీసుకు విలువ లేదు. మూడేళ్ళ పాఠాలూ అతను మొదటి నుండి చదవవలసిందే.

రెండవది సార్వత్రిక విద్య. దుర్గ్ జిల్లా ఇగ్నో రాయపూర్ ప్రాంతీయ కేంద్రం పరిధిలోనికి వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం బిలాస్‌పూర్‌లో 2005లో పండిత సుందర్‌లాల్ శర్మ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. సార్వత్రిక విద్య తెలుగువారికి కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే ప్రారంభమైన విషయం విదితమే. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం.

మూడవది సాంకేతిక విద్య. రాష్ట్రంలోని ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యను పర్యవేక్షించే ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం భిలాయిలోనే ఉన్నది. డిప్లొమా ఉన్నవారు ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో నేరుగా చేరే సౌకర్యం దేశమంతటా ఉన్నట్లే ఇక్కడా ఉన్నది. సైన్యంలో పొందిన సాంకేతిక శిక్షణకు డిప్లొమాతో సమానత ఉన్నదని పత్రం చూపగలిగిన వారికి ఈ దారి తెరచుకొనే అవకాశం ఉంటుంది. ఆ పత్రం లేనివారికి పదిహేనేళ్ళ వర్క్‌షాపు అనుభవం ఉన్నప్పటికీ ప్రవేశం దుర్లభమే. 2016లో ప్రారంభమైన భిలాయి ఐ.ఐ.టి.లో ప్రవేశం జాతీయ పరీక్షలపై ఆధారపడినది కనుక అది మాజీ సైనికులలో అధికులకు అందే మార్గం కాదు.

ఏ మార్గంలో వెళ్ళదలచినా మాజీ సైనికుడు భద్రపరచుకోవలసిన కాగితాలు కొన్ని ఉన్నాయి. డిశ్చార్జి పుస్తకం, సైనిక విద్యా సర్టిఫికెట్లు, చేసిన ప్రతి కోర్సుకు సంబంధించిన ధ్రువపత్రం, ట్రేడు నైపుణ్యాన్ని తెలిపే పత్రం వీటిలో ముఖ్యమైనవి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవడం కూడ అవసరం. సర్వీసులో ఉండగా చేసిన చిన్న కోర్సులకు పత్రాలు తీసుకోకపోతే క్రెడిట్ల లెక్క వచ్చినప్పుడు చూపడానికి ఆధారం ఉండదు.

అమెరికా అనుభవం

ప్రపంచ యుద్ధానంతర కాలంలో ఈ సమస్యను అమెరికా భిన్నంగా ఎదుర్కొన్నది. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జి.ఐ. బిల్లు ప్రకారం యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వమే భరించింది. ఏడాదికి 500 డాలర్ల వరకు ఫీజులు, అవివాహితులకు నెలకు 50 డాలర్లు, ఆశ్రితులు ఉన్నవారికి 75 డాలర్ల జీవన భత్యం చెల్లించింది. చదువుకునే కాలంలో ఇల్లు గడవడమెలాగన్న ప్రశ్నకు ఆ భత్యమే సమాధానం. సుమారు 22 లక్షల మంది ఈ చట్టం క్రింద కళాశాలల్లో చేరారు. 1947లో కళాశాలల్లో చేరినవారిలో దాదాపు సగం మంది మాజీ సైనికులే. వృత్తి శిక్షణ పొందినవారిని కూడ కలుపుకొంటే లబ్ధిదారులు సుమారు 78 లక్షలు.

ఆ పథకం లోపరహితమైనది కాదు. దక్షిణాది రాష్ట్రాలలో వర్ణవివక్ష కారణంగా నల్లజాతి సైనికులలో అనేకులకు దాని ఫలం అందలేదు. అయినా యుద్ధం చేసివచ్చిన కార్మిక, రైతు కుటుంబాల యువకులను పెద్ద సంఖ్యలో పట్టభద్రులను చేసిన చట్టంగా అది చరిత్రలో నిలిచింది. 2008లో చేసిన కొత్త చట్టం 2009 ఆగస్టు 1 నుండి అమలులోనికి వచ్చింది. పూర్తి అర్హత ఉన్నవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో స్థానిక విద్యార్థులకు వర్తించే ఫీజును 36 నెలల వరకు ఆ దేశ ప్రభుత్వం పూర్తిగా చెల్లిస్తున్నది. వేరే రాష్ట్రం నుండి వచ్చిన మాజీ సైనికుల నుండి కూడ స్థానిక ఫీజు మాత్రమే వసూలు చేయాలని 2014లో మరో చట్టం నిర్దేశించింది.

డబ్బు కన్న ఎక్కువగా మనం గమనించవలసినది మరొకటి ఉన్నది. సైనిక శిక్షణలో ఏ కోర్సుకు ఎన్ని క్రెడిట్లు ఇవ్వవచ్చునో మదింపు చేసి సిఫారసు చేసే పని అమెరికా విద్యామండలి 1945 నుండీ చేస్తున్నది. అక్కడి అనేక ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో మాజీ సైనికుల వ్యవహారాలు చూసేందుకు ప్రత్యేక కార్యాలయాలు ఉన్నాయి. ఏ పత్రం తేవాలి, ఏ పాఠం మినహాయింపు పొందవచ్చు, భత్యం ఎప్పుడు వస్తుంది అన్నవి చెప్పడానికి ఒక మనిషి కూర్చొని ఉంటాడు.

అగ్నివీరుల రాక

మన దేశంలో ఈ అంశానికి తొందర ఏర్పడటానికి కారణం అగ్నివీరులు. 2022 నాటి ప్రకటన ప్రకారం వారి సర్వీసు నాలుగేళ్ళు. ఆ తరువాత ప్రతి దళంలోనూ 25 శాతానికి మించకుండా శాశ్వత సర్వీసులోనికి తీసుకుంటారు. మిగిలినవారికి సుమారు రూ. 11.71 లక్షల సేవానిధి లభిస్తుంది. పింఛను ఉండదు. తొలి ఏడాదికి ప్రకటించిన నియామకాలు 46 వేలు. 2022 చివర, 2023 ఆరంభంలో శిక్షణలో చేరిన మొదటి దళానికి నాలుగేళ్ళు నిండేది 2026 చివరి నుండి.

వీరికి మాజీ సైనికుల హోదా వర్తించదని పథకంలోనే పేర్కొన్నారు. దీని పర్యవసానం విశ్వవిద్యాలయాల వరకు వస్తుంది. మాజీ సైనికులకు, వారి పిల్లలకు ఉద్దేశించిన రాయితీలు అగ్నివీరులకు వాటంతటవే వర్తించవు. కేంద్ర సాయుధ పోలీసు దళాలలో వారికి ప్రత్యేక కోటా ప్రకటించారు. చదువు విషయంలో ఇగ్నో డిగ్రీ పథకం ఉన్నది. అయితే 22, 23 ఏళ్ళ వయస్సులో తిరిగివచ్చే యువకుడు లేదా యువతి దూరవిద్యతోనే సరిపెట్టుకోవాలన్న నియమం లేదు. పాత సిపాయి వలె సంసార భారం లేని ఈ వయస్సులో వారు కళాశాల తరగతి గదినే కోరుకోవచ్చు. ఇగ్నోలో ఒక ఏడాది పూర్తిచేసిన అగ్నివీరుడు దుర్గ్ కళాశాలలో రెండవ ఏడాది చేరదలచుకుంటే అతని సైనిక శిక్షణ క్రెడిట్లను ఆ కళాశాల ఒప్పుకుంటుందా అన్నది ఆచరణలో తేలవలసిన విషయం.

నియమం ఉన్నది, అమలు కావాలి

అందుకు అవసరమైన విధానం కాగితంపై లేకపోలేదు. 2020 నూతన జాతీయ విద్యావిధానం చదువును మధ్యలో ఆపి తిరిగి కొనసాగించే వీలు కల్పించింది. 2021లో క్రెడిట్ల నిధి ఏర్పడింది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు బ్యాంకు ఖాతాలో సొమ్ము మాదిరి అందులో జమ అవుతాయి. 2023 ఏప్రిల్‌లో వెలువడిన జాతీయ క్రెడిట్ చట్రం పాఠశాల చదువు, ఉన్నత విద్య, వృత్తి శిక్షణ, పని అనుభవం అన్నిటినీ ఒకే కొలబద్దతో కొలవాలని సూచించింది. ఈ మూడూ కలిపి చూస్తే సైనిక సర్వీసును చదువుగా లెక్కించడానికి సూత్రప్రాయంగా అడ్డు లేదు.

ఆచరణలో కావలసినవి కొన్ని ఉన్నాయి. సైన్యంలోని ఏ ట్రేడుకు, ఏ కోర్సుకు ఎన్ని క్రెడిట్లు అన్న పట్టిక దేశమంతటికీ ఒకటే ఉండాలి. అది లేనిదే ప్రతి విశ్వవిద్యాలయం ప్రతి దరఖాస్తునూ కొత్త సమస్యగానే చూస్తుంది. ఆ పట్టిక అగ్నివీరులతో పాటు ఇప్పటికే విరమణ చేసిన పాత సైనికులకూ వర్తించాలి. దుర్గ్ వంటి జిల్లాలలో విశ్వవిద్యాలయానికి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి మధ్య సంబంధం ఉండాలి. ఒకరి వద్ద విద్యార్థి ఉన్నాడు, మరొకరి వద్ద సీటు ఉన్నది. ఇద్దరినీ కలిపే బల్ల ఒకటి అవసరం. దానికి పెద్ద ఖర్చు కాదు.

ఖర్చయ్యేది చదువు కాలంలో కుటుంబ పోషణకే. పిల్లలకు ఉపకార వేతనం ఇస్తున్న ప్రభుత్వం సర్వీసు ముగిసిన తొలి మూడేళ్ళలో డిగ్రీలో చేరే సైనికునికి కూడ కొంత భత్యం ఇవ్వగలదా అన్నది పరిశీలించవలసిన అంశం. అమెరికా స్థాయిలో కాకపోయినా, ఫీజు మినహాయింపు వరకైనా రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ పరిధిలోనే నిర్ణయం తీసుకోవచ్చు.

ఆంధ్రా విశ్వవిద్యాలయం ఒక విషయంలో, ఇగ్నో ఒక తరం సైనికుల విషయంలో ఈ పని సాధ్యమేనని నిరూపించాయి. దుర్గ్ వంటి చోట్ల మిగిలిన విశ్వవిద్యాలయాలు అందుకుంటాయా, లేక 35వ ఏట ఇంటికి వచ్చిన హవల్దారును ఇంకా 1986 ఉత్తర్వుతోనే సరిపెట్టుకోమంటాయా అన్నది తొలి అగ్నివీరుల దళం తిరిగివచ్చే నాటికి తేలవలసి ఉన్నది.